ఫోన్ ఎవరి చేతిలో ఉంది? లాక్‌డౌన్‌లో ఒక షుగర్ పేషెంట్ కేసు

ఈ కేసులోని పెద్దావిడ ఒప్పుకున్నాకే దీన్ని రాస్తున్నాను. ఊరు, వయసు, ఇంటి వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. వైద్యానికి సంబంధించిన విషయాలు మాత్రం మార్చలేదు.

కరోనా కాలంలో ఫోన్ వైద్యాన్ని కొందరు ఎందుకు అందుకున్నారు, కొందరు ఎందుకు దూరంగా ఉండిపోయారు అనే మాట వచ్చినప్పుడల్లా చర్చ నెట్‌వర్క్, యాప్, చదువు, డబ్బు, భాష దగ్గరే ఆగిపోతుంది. ఈ ఇంట్లో వాటిలో దేనికీ లోటు లేదు. స్మార్ట్‌ఫోన్ ఉంది, నెట్ ఉంది, కొడుకు డిగ్రీ చదివాడు, ఫీజు కట్టగలరు, డాక్టరునైన నేనూ తెలుగువాణ్నే. అయినా వేసవి అంతా మా ఫోన్ వైద్యం ఆమెకు ఉపయోగపడలేదు. కారణం తెలిశాక మా క్లినిక్‌లో ఫోన్ చేసే పద్ధతే మారిపోయింది.

నేపథ్యం

మాది బెంగళూరు తూర్పు వైపున్న చిన్న క్లినిక్. చిత్తూరు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చి కె.ఆర్.పురం, రామమూర్తినగర్, మారతహళ్లి చుట్టుపక్కల స్థిరపడ్డ కుటుంబాలు మా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. ఈ పెద్దావిడదీ రాయలసీమే. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చేసింది. రెండు గదుల అద్దె ఇల్లు. కొడుకు, కోడలు, బడికెళ్లే పిల్లలిద్దరు, ఈమె. బాత్రూమ్ ఒకటే.

షుగర్ వచ్చి పదేళ్లు దాటింది, బీపీ కూడా ఉంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి టెల్మిసార్టన్ వాడేది. 2020 ఫిబ్రవరిలో క్లినిక్‌కు వచ్చినప్పుడు హెచ్‌బిఎ1సి, అంటే మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష, 8.7 ఉంది. కిడ్నీ పరీక్షలు బాగానే ఉన్నాయి. బరువు కాస్త ఎక్కువ. అందుకని డాపాగ్లిఫ్లోజిన్ కలిపాను. రక్తంలో ఎక్కువైన గ్లూకోజును మూత్రంలోకి పంపేసే మందు ఇది. గుండెకు, కిడ్నీకి మేలు చేస్తుంది. బరువూ కొంత తగ్గుతుంది. దాంతో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి జననాంగాల దగ్గర ఫంగస్ పట్టే అవకాశం ఉంటుంది, ముఖ్యంగా ఆడవాళ్లలో. ఆ సంగతి రాసి, చెప్పి పంపాం. నెలన్నర తర్వాత రమ్మన్నాం. ఈలోపే మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది.

సరిగ్గా అదే రోజు దేశానికి మొదటిసారిగా టెలిమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు వచ్చాయి. అప్పటిదాకా ఫోన్‌లో మందు రాయొచ్చా లేదా అన్నది డాక్టర్లకే స్పష్టంగా తెలియదు. ఇప్పుడు వీడియో, ఆడియో, మెసేజ్ మూడూ చెల్లుతాయన్నారు. ఏ పద్ధతిలో ఏ మందు రాయొచ్చో జాబితాలు ఇచ్చారు. ఆరు నెలల లోపు నేరుగా చూసిన పేషెంటు అదే జబ్బుకు మాట్లాడితే ఫాలో అప్ కింద లెక్క. ఈమెను ఫిబ్రవరిలో చూశాం కాబట్టి మామూలు ఫోన్ కాల్‌లోనే మందులు కొనసాగించవచ్చు, అవసరమైతే ఇంకొకటి కలపవచ్చు. మెట్‌ఫార్మిన్‌కు సిటాగ్లిప్టిన్ అనే ఇంకో షుగర్ మందు కలపడాన్ని ఆ జాబితాలోనే ఉదాహరణగా ఇచ్చారు.

దూర వైద్యం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 2000 మార్చిలోనే చిత్తూరు జిల్లా అరగొండలోని అపోలో ఆసుపత్రి నుంచి చెన్నై డాక్టర్లతో మాట్లాడే ఏర్పాటు మొదలైంది. అయితే అక్కడ పేషెంటు ఆసుపత్రికి వచ్చి కూర్చునేవాడు, పక్కన ఒక వైద్య సిబ్బంది ఉండేవారు. 2020లో వైద్యం నేరుగా ఇంట్లోకి వచ్చింది. పక్కన సిస్టర్ ఉండాల్సిన చోట కొడుకు కూర్చున్నాడు. ఈ తేడా ఎంత పెద్దదో అప్పట్లో ఎవరం ఆలోచించలేదు. అంత తీరికా లేదు.

సమస్య

ఏప్రిల్‌లో కొడుకు ఫోన్ చేశాడు. ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూస్తే పరగడుపున 210, తిన్నాక 290 దాకా ఉంటోందన్నాడు. మాత్రలు వేసుకుంటున్నారా అంటే, "వేసుకుంటోంది సార్, నేనే తెచ్చిపెడుతున్నా" అన్నాడు. అమ్మకు ఫోన్ ఇవ్వమంటే స్పీకర్ ఆన్ చేశాడు. ఎలా ఉన్నారమ్మా అంటే "బాగానే ఉండాను సార్" అంది. ఇంకేమైనా ఇబ్బంది ఉందా అంటే "ఏం లేదు" అంది. వెనక టీవీలో కరోనా వార్తలు, పిల్లల అల్లరి వినిపిస్తున్నాయి.

షుగర్ ఇంతలా పెరగడానికి నాకు కనిపించిన కారణాలు నాలుగు: లాక్‌డౌన్‌లో నడక ఆగి తిండి పెరగడం, మాత్రలు సరిగా వేసుకోకపోవడం, ఒంట్లో ఎక్కడో ఇన్ఫెక్షన్, మీటర్ తప్పు చూపించడం. గ్లిమెపిరైడ్ డోసు పెంచితే అంకె తగ్గుతుంది. కానీ మాత్రలు వేసుకోకపోవడమే అసలు కారణమైతే, రేపు ఇంట్లోవాళ్లు కూర్చోబెట్టి అన్నీ మింగిస్తే, పెంచిన డోసుతో షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. రోడ్డు మీద ఆటో కూడా దొరకని రోజుల్లో అర్ధరాత్రి లో షుగర్ అంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే డోసు పెంచలేదు. చేతులు కడుక్కుని, ఆరాక పరీక్ష చేయమని, వారం పాటు అంకెలు రాసి పంపమని చెప్పాను.

వారం తర్వాత కూడా అవే అంకెలు. మీటర్ తప్పు కాదని తేలింది.

చేసి చూసినవి

మామూలు కాల్ చాలదనిపించి వీడియోకు వెళ్లాం. అప్పట్లో మా అందరి నమ్మకం ఒకటే: వీడియో అన్నిటికన్నా మేలు, ఆడియో దాని తర్వాత, మెసేజ్ ఆఖరు. క్లినిక్ అప్పటికే ఒక యాప్‌లో చేరింది. కొడుకు తన నంబరుతో, తన పేరుతోనే రిజిస్టర్ చేశాడు, ఓటీపీ వచ్చేది ఆ ఫోన్‌కే కదా. దాంతో మొదటి ప్రిస్క్రిప్షన్ మీద కొడుకు పేరు, కొడుకు వయసు, కింద తల్లి మందులు వచ్చాయి. పేషెంటు పేరు, వయసు సరిచూసుకోవాలని మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. దాన్ని రద్దు చేసి ఆమె పేరుతో మళ్లీ రాశాం. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఆ యాప్ లెక్కలో పేషెంటు ఎవరో ఆ ప్రిస్క్రిప్షన్‌లోనే తెలిసిపోయింది.

వీడియోలో నేను చూడాలనుకున్నది మాత్రల స్ట్రిప్పులు. నోటి మాట కన్నా స్ట్రిప్పు నిజం చెబుతుంది. అన్నీ తెచ్చి కెమెరా ముందు పెట్టమన్నాను. కొడుకు ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి టేబుల్ మీద బోర్లించాడు. మెట్‌ఫార్మిన్ స్ట్రిప్పులు దాదాపు అయిపోయాయి. గ్లిమెపిరైడ్, బీపీ మాత్ర కూడా లెక్క సరిపోయాయి. పసుపు రంగు మాత్ర, అంటే డాపాగ్లిఫ్లోజిన్ స్ట్రిప్పు మాత్రం దాదాపు నిండుగా ఉంది. పైవరసలో రెండు మూడు గడులు ఖాళీ, అంతే. కొడుకు కూడా అప్పుడే చూశాడు. "ఏందిమా ఇది? రోజూ ఏసుకుంటా ఉండానని చెప్తివి గదా. ఎంత రేటో తెలుసా ఈ మాత్ర?" అని అక్కడే గట్టిగా అన్నాడు. ఆమె కెమెరా వైపు చూడలేదు. "మర్చిపోయినా" అంది. కోడలు వెనక గుమ్మం దగ్గర నిలబడి ఉంది, ఒక్క మాటా మాట్లాడలేదు.

వైద్యపరంగా ఆ వీడియో చాలా పనికొచ్చింది. కానీ ఆమె దృష్టిలో డాక్టరు, కొడుకు కలిసి చేసిన పంచాయితీలా అయిపోయింది. ఆ తర్వాత రెండు అపాయింట్‌మెంట్లు కొడుకే రద్దు చేశాడు. "అమ్మ వద్దంటోంది సార్. చెయ్యి పట్టి చూడకుండా ఫోన్‌లో ఏం వైద్యం అంటోంది" అన్నాడు.

ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. ఎవరైనా సర్వే చేసి ఆ రోజు ఆమెను అడిగి ఉంటే, ఫోన్ వైద్యం మీద నమ్మకం లేనివాళ్ల లెక్కలో ఆమెను రాసుకునేవాళ్లు. వయసు, చదువు చూసి ఔనౌను అనుకునేవాళ్లు. ఆమె చెప్పిన కారణం అబద్ధం కాదు. ఇంట్లో అందరి ముందూ చెప్పగలిగిన కారణం అదొక్కటే.

ఎక్కడ అనుమానం వచ్చింది

మతిమరుపుతో మాత్ర మానేవాళ్లు అన్నీ మర్చిపోతారు. ఈమె ఒక్కదాన్నే ఏరి మానేసింది, అదీ కొత్తగా కలిపినదాన్ని. రెండు మూడు వేసుకుని ఆపేసింది. ఆ మాత్ర వల్ల ఏదో ఇబ్బంది పడి ఉండాలి. మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం కావచ్చు, ఐదుగురికి ఒకే బాత్రూమ్ ఉన్న ఇంట్లో, అందరూ రోజంతా ఇంట్లోనే ఉన్నప్పుడు అది చిన్న కష్టం కాదు. దురద, మంట కావచ్చు. మాత్ర ఖరీదు చూసి కొడుకుకు భారమని ఆపేసి ఉండొచ్చు. మూడింటిలో ఏదైనా సరే, కొడుకు చేతిలోని ఫోన్‌లో, స్పీకర్ ఆన్‌లో ఉండగా ఆ తల్లి నోరు విప్పి చెప్పదు.

అప్పుడు రెండు నిర్ణయాలు తీసుకున్నాను. మొదటిది, ఆ పసుపు మాత్ర నేను చెప్పేదాకా పక్కన పెట్టేయమని కొడుకుకు చెప్పడం. అసలు కారణం తెలియకుండా బలవంతంగా మింగిస్తే ప్రమాదం ఉంది. బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని ఆమె నీళ్లు తాగడం తగ్గించి ఉంటే, ఈ మందు ఒంట్లో నీటిని ఇంకా లాగేస్తుంది. పైన టెల్మిసార్టన్ కూడా ఉంది, బీపీ పడిపోయి కళ్లు తిరిగి పడొచ్చు. ఇంకొక సంగతి, ఆ మాట డాక్టరు నోటి నుంచి వస్తే ఇంట్లో ఆమె మీద పోరు ఆగుతుంది.

రెండోది, ప్రశ్న మార్చే ముందు అడిగే మనిషినీ, అడిగే చోటునూ మార్చడం. మా క్లినిక్‌లో ఒక సిస్టర్ ఉంది, మదనపల్లె వైపు అమ్మాయి. ఆమె పాత కేస్ షీట్ తీసి చూస్తే అందులో రెండు నంబర్లు ఉన్నాయి. రెండోది పెద్దావిడ సొంత బటన్ ఫోన్‌ది. చేస్తే కలవలేదు. ఊళ్లో చెల్లెలితో మాట్లాడడానికి పెట్టుకున్న ఫోన్ అది. రీచార్జ్ గడువు అయిపోవడంతో ఇన్‌కమింగ్ ఆగిపోయింది. కనీస రీచార్జ్ ఉంటే తప్ప ఇన్‌కమింగ్ ఉండదనే పద్ధతి వచ్చాక, ముసలివాళ్ల ఫోన్లు ఇలా గూట్లోకి చేరడం మేం చాలా ఇళ్లలో చూశాం.

కొడుకుకు అబద్ధం చెప్పదలచుకోలేదు. "రోజూ షుగర్ అంకెలు అడగడానికి సిస్టర్ అమ్మకే ఫోన్ చేస్తుంది, మీ పనికి అడ్డం ఉండదు, ఆ నంబర్ రీచార్జ్ చేయించండి" అన్నాం. అతనికి అదే సుఖమనిపించింది. అతను చెడ్డవాడేమీ కాదు. తల్లి మందులకు లెక్క చూడకుండా ఖర్చు పెట్టే మనిషి. ఇల్లే ఆఫీసైపోయి, పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు కూడా తన ఫోనే ఇవ్వాల్సి వచ్చిన టెన్షన్‌లో ఉన్నాడు.

పనిచేసింది

జూన్‌లో సిస్టర్ కాల్స్ మొదలుపెట్టింది. మొదటి కొన్నిసార్లు షుగర్ అంకెలు, తిండి, నిద్ర, అంతే. నేనే అలా చెప్పాను. మొదటి రోజే అసలు విషయం తవ్వితే ఈ ఫోన్‌కు కూడా ఆమె దూరమవుతుంది. ఏ వేళకు చేస్తే వీలుగా ఉంటుందమ్మా అని అడిగితే, పదకొండు గంటలప్పుడు బట్టలారేయడానికి మిద్దె మీదికి పోతానంది. ఆ వేళకే చేయడం మొదలుపెట్టాం.

మన సిస్టర్ చేసిన ఇంకో మంచి పని, జవాబు ఊ, ఊఊ అని చెప్పగలిగేలా ప్రశ్నలు అడగడం. పక్క మిద్దె మీద మనుషులుంటారు, మాటలు వినిపిస్తాయి. "పెద్దమ్మా, నేను అడుగుతా, నువ్వు ఊ అను చాలు. ఒంటికి పోయినప్పుడు మంటా?" ఊ. "దురద కూడానా?" ఊ. "ఆ పసుపు మాత్ర ఏసుకున్నాకనే మొదలైందా?" ఒక నిమిషం ఏమీ వినపడలేదట. తర్వాత, "అవును పాపా. ఎవురికి చెప్పుకునేది? వాని ముందర ఎట్ల చెప్పేది?" అంది. ఆ తర్వాత ఇక ఊ కొట్టించాల్సిన పని లేకపోయింది. నీళ్లు తాగడం తగ్గించానంది. మాత్ర ఆపేసినా దురద పోలేదంది.

ఎందుకు పోలేదో అర్థమైంది. మాత్ర ఆపడంతో షుగర్ ఇంకా పెరిగింది. షుగర్ అంత ఎక్కువగా ఉంటే మూత్రంలో ఎలాగూ చక్కెర పోతుంది, ఫంగస్ అలాగే ఉండిపోతుంది. దురద భయంతో మాత్ర ఆపింది, మాత్ర ఆపినందుకు దురద నిలిచిపోయింది.

ఇప్పుడు చూడకుండా వైద్యం చేయవచ్చా అన్న ప్రశ్న. కొత్త జబ్బైతే మామూలు ఫోన్ కాల్ మీద, ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే మందులు తప్ప రాయకూడదు. ఇది నేను రాసిన మందు వల్ల వచ్చిన ఇబ్బంది, అదే షుగర్ వైద్యంలో భాగం, కాబట్టి ఫాలో అప్ కిందికే వస్తుందని నిర్ణయించాను. కానీ ముందు ప్రమాద సూచనలు ఏవీ లేవని తేల్చుకోవాలి. జ్వరం, నడుం నొప్పి, వాంతులు ఉన్నాయా? రక్తస్రావం ఏమైనా ఉందా? నెలసరి ఆగిపోయిన వయసులో ఒక్క చుక్క కనిపించినా అది వేరే దారి. అక్కడ వాపు, విపరీతమైన నొప్పి, చర్మం నల్లబడడం ఉన్నాయా? ఈ రకం మందులతో చాలా అరుదుగా ఆ భాగంలో కండ కుళ్లే తీవ్రమైన ఇన్ఫెక్షన్ రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. మంట లోపల నుంచా, లేక మూత్రం తగిలినప్పుడు పైచర్మం మీదా? సిస్టర్ పక్కన నేను కూర్చుని రాసిస్తుంటే, ఆమె తన మాటల్లో అడిగింది. నేను వింటున్న సంగతి ముందే చెప్పాం. మేమే ఫోన్ చేస్తున్నాం కాబట్టి పేషెంటు స్పష్టంగా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నానన్న ఆమె మాటను కేస్ షీట్‌లో రాశాం. భయపడాల్సినవేవీ లేవు. మూత్ర పరీక్షకు ల్యాబ్ వాళ్లను ఇంటికి పంపాం. అందులో చక్కెర తప్ప మూత్ర ఇన్ఫెక్షన్ గుర్తులు లేవు. హెచ్‌బిఎ1సి 9.6కు చేరింది.

ఒక్క మాత్రతో ఫంగస్ తగ్గించే ఫ్లుకోనజోల్ రాయడం తేలిక. నేను రాయలేదు. ఆమె వాడుతున్న గ్లిమెపిరైడ్‌ను లివర్ కరిగించే వేగాన్ని ఫ్లుకోనజోల్ తగ్గిస్తుంది, షుగర్ పడిపోవచ్చు. ఎదురుగా లేని పేషెంటుకు, పైగా పెద్ద వయసు, ఆ రిస్కు అనవసరం. క్లోట్రిమజోల్ క్రీమ్, లోపల పెట్టుకునే మాత్రలు రాశాను. వారంలో తగ్గకపోతే లేడీ డాక్టరును నేరుగా చూడాల్సిందేనని షరతు పెట్టాను. డాపాగ్లిఫ్లోజిన్ పూర్తిగా ఆపేసి, దాని చోట టెనెలిగ్లిప్టిన్ అనే వేరే షుగర్ మందు పెట్టాను. ధర తక్కువ, మూత్రంతో సంబంధం లేదు. అది పనిచేస్తుందన్న నమ్మకం ఎంత ముఖ్యమో, ఆమె ఆపకుండా వేసుకుంటుందన్న నమ్మకం కూడా నాకు ఆ ఎంపికలో అంతే ముఖ్యమైంది.

ఇక్కడిదాకా వచ్చాక దారి మళ్లీ మూసుకుపోయేదే. ప్రిస్క్రిప్షన్ పంపాలంటే వాట్సాప్ కావాలి. వాట్సాప్ ఉన్నది కొడుకు ఫోన్‌లో. "వానికి పంపొద్దు పాపా" అంది. బటన్ ఫోన్‌కు ఫోటో పోదు. పేషెంటు ఒప్పుకుంటే డాక్టరు నేరుగా మందుల షాపుకే ప్రిస్క్రిప్షన్ పంపవచ్చు, ఏ షాపన్నది ఆమే చెప్పాలి. వీధి చివర షాపు పేరు చెప్పింది. మరి తెచ్చేదెవరు? కరోనా భయంతో ఆమెను బయటికి పోనివ్వరు. అప్పుడు ఆమే అంది: "కోడలికి చెప్పు. అది తెస్తాది. వానికి మాత్రం వద్దు."

మేం ఊహించని సాయం ఇది. ఆ వీడియో కాల్‌లో గుమ్మం దగ్గర మాటా పలుకూ లేకుండా నిలబడిన మనిషి, తర్వాత మా వైద్యానికి అసలైన ఆసరా అయింది. సిస్టర్ ఫోన్ చేసి విషయం చెప్పగానే, "నాకు అనుమానంగానే ఉందక్కా, అత్తమ్మ నీళ్లు తాగడం లేదని చూస్తానే ఉన్నా, అడిగితే ఏమనుకుంటాదో అని ఊరుకున్నా" అంది. మందు తెచ్చింది, ఎలా వాడాలో సిస్టర్ చెబితే అత్తకు చెప్పింది. తాగే నీళ్లకు ఒక చెంబు విడిగా పెట్టింది. కొడుక్కి తెలిసిందల్లా పాత మాత్ర పడలేదు, డాక్టరు మార్చాడు అన్నది మాత్రమే. అది నిజమే.

వారం తిరిగేలోపు దురద తగ్గింది. జులైలో నేరుగా రమ్మందామనుకుంటే బెంగళూరులో కేసులు పెరిగి, 14 నుంచి మళ్లీ వారం రోజులు లాక్‌డౌన్ పెట్టారు. అది ఎత్తేశాక, క్లినిక్‌లో జనం ఉండని వేళ ఇచ్చి రప్పించాం. లేడీ డాక్టరు చూసి ఫంగస్ తగ్గిందని చెప్పింది. అదే రోజు పాదాలు చూస్తే కుడి అరికాలు కింద చర్మం కాయ కాసి ఉంది, మోనోఫిలమెంట్ దారం తాకిస్తే అక్కడ స్పర్శ తక్కువగా ఉంది. ఏ ఫోన్‌లోనూ ఇది నాకు తెలిసేది కాదు. ఆమె నొప్పి లేదనే చెప్పేది, స్పర్శ తగ్గినచోట నొప్పి ఎక్కడిది? మెత్తటి చెప్పులు వేసుకోమని, కోడలు రోజూ రాత్రి పాదాలు చూడాలని చెప్పాం. అక్టోబరులో హెచ్‌బిఎ1సి 7.6కు వచ్చింది.

సెకండ్ వేవ్‌లో

2021 ఏప్రిల్ నెలాఖరులో ఆ ఇంట్లో అందరికీ కోవిడ్ వచ్చింది. బెంగళూరులో బెడ్ల కోసం జనం అంబులెన్సుల్లో తిరుగుతున్న రోజులు. ఆమెకు జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు. ఆక్సిజన్ శాతం 95 కన్నా తగ్గలేదు. ఆ వీధిలో ఎవరో ఒక మందుల పొట్లం పంచుతున్నారు, అందరూ వాడుతున్నారని తెలిసినవాళ్లు తెచ్చిచ్చారు. ఆమె అది వేసుకోకుండా తన బటన్ ఫోన్ నుంచి సిస్టర్‌కు మిస్డ్ కాల్ ఇచ్చింది. కోడలు స్ట్రిప్పు మీద పేరు ఒక్కో అక్షరం చదివి వినిపించింది. మిథైల్ ప్రెడ్నిసోలోన్, స్టెరాయిడ్.

స్టెరాయిడ్ మేలు చేసేది ఆక్సిజన్ అవసరమైనవాళ్లకు. 2020లో బ్రిటన్‌లో కోవిడ్ మందుల మీద జరిగిన 'రికవరీ' అనే ట్రయల్ చూపించింది కూడా అదే. ఆక్సిజన్ బాగున్న షుగర్ పేషెంటుకు అది షుగర్‌ను పైకి ఎగదోస్తుంది. ఆ మే నెలలోనే కర్ణాటకలో బ్లాక్ ఫంగస్ కేసులు ఎలా పెరిగాయో చూశాం. అదుపులో లేని షుగర్, స్టెరాయిడ్ రెండూ కలిసినవాళ్లే వాటిలో ఎక్కువ. వద్దని చెప్పాం. పొద్దున, సాయంత్రం ఆక్సిజన్ అంకెలు, నడిచాక ఎంత ఉంటోంది, షుగర్ ఎంత, అన్నీ ఆ బటన్ ఫోన్‌లోనే నడిచాయి. ఆక్సిజన్ 94 కన్నా తగ్గితే ఎవరికి చేయాలి, ఎక్కడికి పోవాలన్నది ముందే రాసి ఇంట్లో అంటించారు. ఆ అవసరం రాలేదు.

ఏడాది కిందట ఫోన్‌లో ఏం వైద్యం అన్న మనిషే ఈమె. మధ్యలో ఆమెకు మేం ఏ యాప్ వాడడమూ నేర్పలేదు.

ఈ కేసు నుంచి మేం మార్చుకున్నవి

కొత్త టెక్నాలజీని జనం ఎందుకు స్వీకరిస్తారన్న దాని మీద 1989లో ఫ్రెడ్ డేవిస్ చెప్పిన సిద్ధాంతం ఇప్పటికీ వాడతారు: పనికొస్తుందనిపించాలి, వాడడం తేలిక అనిపించాలి. చుట్టూ ఉన్నవాళ్ల ప్రభావం, అందుబాటులో ఉన్న సదుపాయాలు కూడా లెక్కలోకి తీసుకోవాలని తర్వాత విశ్వనాథ్ వెంకటేశ్, ఆయన సహచరులు 2003లో చేర్చారు. నేను వాటిని కాదనడం లేదు. కానీ ఫోన్ వాడే మనిషి, జబ్బున్న మనిషి ఒకరే అన్నట్టు మనం వాటిని చదువుకున్నాం. మన ఇళ్లలో ఫోన్ కొడుకుది, జబ్బు తల్లిది, మందు తెచ్చేది కోడలు. కొడుక్కి వీడియో తేలికే, పనికొచ్చింది కూడా. తల్లికి మాత్రం అది నలుగురి ముందు నిలబెట్టినట్టు అయింది. ఇంటి లెక్కలో టెలిమెడిసిన్ వాడినట్టే, ఆమె లెక్కలో వాడనట్టే.

అందుకే ఇప్పుడు కేస్ షీట్‌లో ఫోన్ నంబర్ పక్కన ఇంకో గడి పెట్టాం: ఈ ఫోన్ ఎవరిది, పేషెంటు ఒంటరిగా మాట్లాడగలిగే వేళ ఏది. ఏ ఫాలో అప్ కాల్‌లో అయినా మొదట అడిగేది, పక్కన ఎవరైనా ఉన్నారా, స్పీకర్ ఆన్‌లో ఉందా అని. ఉంటే అంకెలు అడిగి పెట్టేస్తాం, మిగతావి తర్వాత. ఆడవాళ్లకు కొత్తగా డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందు మొదలుపెడితే, మొదటి నెలలో సిస్టర్ తానే ఒకసారి ఫోన్ చేసి దురద సంగతి అడుగుతుంది. వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగం. వీడియో కావాలా, మామూలు కాల్ కావాలా అన్నది మేం కాక పేషెంటు తేల్చుకుంటారు. పుండు, వాపు, దద్దురు చూడాల్సి వస్తే తప్ప వీడియో కోసం పట్టుబట్టం. ప్రిస్క్రిప్షన్ ఎవరి ఫోన్‌కు పోవాలో అడగకుండా పంపం.

స్ట్రిప్పులు లెక్కపెట్టించడం మానలేదు, అది పనికొచ్చే పద్ధతి. కాకపోతే ఇప్పుడు వాటిని నేరుగా వచ్చినప్పుడు తెమ్మంటాం, లేదా పేషెంటునే లెక్కపెట్టి చెప్పమంటాం.

ఇందులో ఇంకా తేలనిది డబ్బు సంగతి. డాక్టరు కన్సల్టేషన్‌కు ఫీజు ఉంది. ఆ లింకు కొడుకు ఫోన్‌కే వెళ్తుంది, అతనే కడతాడు. పదకొండు గంటలకు సిస్టర్ మాట్లాడే పదీ పదిహేను నిమిషాలకు ఏ బిల్లూ లేదు. బిల్లు పెడితే దాని మెసేజ్ కూడా ఆ ఫోన్‌కే పోయి, ఎందుకు చేశారన్న ప్రశ్న వస్తుంది. ఇప్పటికైతే ఆ ఖర్చు క్లినిక్ మోస్తోంది, సిస్టర్ డ్యూటీలో రోజుకు ఒక గంట దీనికే తీసిపెట్టాం. పెద్ద క్లినిక్‌లు ఇది చేయాలంటే ఆ గంటకు జీతం ఏ పద్దులోంచి వస్తుందో ముందే తేల్చుకోవాలి.